తడి కొలత

కాగితం ఎటు తిప్పి పెట్టినా దానిమీది అంకెలు ఎలీసమ్మ చదవగలదు. ఆమె బడికి వెళ్లలేదు. అక్షరాలు చర్చిలో కీర్తనల పుస్తకం పట్టుకుని నేర్చుకుంది, అంకెలు మిర్చి టిక్కీల మీద నేర్చుకుంది. గోడౌన్లో ఆ మిర్చి బస్తాని ఎలా పడేస్తే అలా పడి ఉంటుంది. దానిమీద రంగుతో రాసిన అంకె తలకిందులుగా ఉన్నా, పక్కకి ఒరిగి ఉన్నా చదువుకోవాల్సిందే. అందుకే ఆ గురువారం ఆస్పత్రి స్కానింగ్ గదిలో మడమకి అంటిన జెల్లీ తుడుచుకుంటూ కూర్చున్నప్పుడు, బల్లకి అవతల స్కానింగ్ తీసే కుర్రాడు అనిల్ కుమార్ రాసిన అంకె ఆమెకి ఇవతల నుంచే కనపడిపోయింది.

15.1.

దాని పై గడిలో కిందటి గురువారం డాక్టరమ్మ వేదశ్రీ రాసింది 16.8.

అబ్బాయి చేయి అడ్డం వచ్చి తప్పు చదివానేమో అనుకుని ఎలీసమ్మ మళ్లీ చూసింది. అదే అంకె.

"అయిపోయింది పెద్దమ్మా. వచ్చే గురువారం ఇదే టైముకి వచ్చేయ్. ఆ రోజు డాక్టరమ్మే చూస్తారు," అన్నాడు అనిల్ కుమార్.

"బాబూ, బానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది. నెక్స్ట్ ఎవరండీ?"

అంత హుషారుగా చెప్పేవాళ్ల మాట ఆమె నమ్మదు. ఆమె భర్త ప్రేమదాసుకి కాలు తీసేసే ముందురోజు కూడా ఎవరో అంత హుషారుగానే చెప్పారు.

ఆమెకి షుగర్ వచ్చి పదకొండేళ్లు. నెలనెలా బిళ్లల కోసం వెళ్లే ఓపీలోనే పై చదువు చదువుకుంటున్న ఈ వేదశ్రీ పట్టుకుంది. షుగర్ ఉన్నవాళ్లకి మడమ కింద మెత్త మారిపోతుందనీ, అది ఎంత మందం ఉందో స్కానింగ్‌తో మూడుసార్లు కొలుస్తామనీ, సూది గుచ్చేది లేదనీ, మందు మింగేది లేదనీ చెప్పింది. నలభైమందిని కొలుస్తున్నారట. తెలుగులో అచ్చువేసిన కాగితం ఒకటిచ్చి, ఇష్టమైతేనే సంతకం పెట్టమంది. ఎలీసమ్మ వేలు పెట్టి చదివింది. రెండో వరుసలోనే 'పాదంలో పుండ్లు పడే ప్రమాదం' అన్నమాట తగిలింది. ఆ తర్వాత ఇంకో పది వరుసలున్నాయి. కళ్లు వాటిమీద నడిచాయిగానీ బుర్రలోకి ఏదీ దిగలేదు. అయినా సంతకం పెట్టింది. చదువుకున్న మనిషిలా వేలిముద్ర కాకుండా సంతకం పెట్టడం ఆమెకి ఇష్టం.

ఇంటికి వచ్చే ఆటోలో లెక్క వేసుకుంది. వారానికి ఒకటీ పాయింటు ఏడు తరిగిపోతోంది. ఇంకా మిగిలింది పదిహేను. తొమ్మిది వారాల్లో మెత్త మొత్తం పోయి ఎముక నేలకి ఆనుతుంది. ఇప్పుడు ఫిబ్రవరి ఆఖరు. అంటే మిరపకాయల సీజను అయ్యేలోపే.

*

గోడౌన్లో తొడిమలు తీసే ఆడవాళ్లు అరవైమంది దాకా ఉంటారు. గోనెపట్టా పరుచుకుని, కాయల కుప్ప ముందు పోసుకుని, ఎడమకాలు మడిచి దానిమీద కూర్చుని తొడిమలు తుంచుతూ, తెల్లబడ్డ తాలుకాయల్ని పక్కకి పడేస్తూ ఉంటారు. ఎలీసమ్మ పట్టా పక్కన జోహరాబీ పట్టా. ముప్ఫై ఒక్క సీజన్లుగా అంతే. గోడౌన్లు మారాయి, షావుకార్లు మారారు, పట్టాలు చిరిగి కొత్తవి వచ్చాయి. పక్కన జోహరాబీ మాత్రం మారలేదు.

"ఏందక్కా, పొద్దున్నించీ తాలు ఇటేస్తన్నావ్, మంచికాయ అటేస్తన్నావ్. షావుకారు చూశాడంటే ఇద్దర్నీ తాల్లో కలిపి అమ్మేస్తాడు," అంది జోహరాబీ.

ఎలీసమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించి చెప్పింది. "నా మడం కరిగిపోతందే జోరాబీ. వారానికి ఇంత."

"ఎవురు చెప్పారు?"

"ఎవురూ చెప్పలా. కాయితం మీద చూశా."

"నిన్ను చదువుకోమన్నవాళ్లని అనాలి. నాకు చూడు, అచ్చరం ముక్క రాదు. హాయిగా ఉన్నా."

"నవ్వులాట కాదే. ఆయనకి ఇట్టానే మొదలైంది."

జోహరాబీ నవ్వు ఆపేసింది. ప్రేమదాసు సంగతి ఆమెకి తెలుసు. ఆయనకీ షుగరే. తొమ్మిదేళ్ల కిందట బండి సైలెన్సరు తగిలి ఆయన పాదం మీద చిన్న బొబ్బ లేచింది. నొప్పి లేదు కదా అని ఆయన ఊరుకున్నాడు. నొప్పి లేకపోవడమే జబ్బని తర్వాత తెలిసింది. ముందు వేళ్లు, తర్వాత పాదం తీశారు. మోకాలి కింద తీయడానికి లోపలికి తీసుకెళ్తున్నప్పుడు, "ఇప్పుడే వస్తాలేవే," అన్నాడు. తలుపులు మూసుకునేముందు చక్రాల మంచం చివర ఆయన ఒంటికాలు దుప్పట్లోంచి బయటికి కనపడింది. సాయంత్రం ఆయా వచ్చి ఒక సంచీ చేతిలో పెట్టింది. అందులో ఆయన చొక్కా, చెప్పులు ఉన్నాయి. ఒక్క పాదమే ఉన్న మనిషికి రెండు చెప్పులు. మనిషి మాత్రం రాలేదు.

అప్పటినుంచి ఎవరు వెళ్తున్నా ఆమె మొహం చూడదు, కాళ్లు చూస్తుంది. కూతురు స్తుతి పెళ్లయి సింగరాయకొండ బస్సెక్కిన రోజున మెట్టు మీద ఆమె మడమలకున్న పసుపే ఎలీసమ్మకి ఇప్పటికీ గుర్తు. స్తుతి అక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరు. వారం వారం ఫోన్ చేస్తుంది. "ఇంక చాలమ్మా, కాలికి ఏమన్నా అయితే నేనొచ్చి తీసుకొచ్చేస్తా, ఆ ఘాటులో ఇంకెన్నాళ్లు?" అంటుంది. కూతురి మాటలో ప్రేమ ఉందని ఆమెకి తెలుసు. కానీ అక్కడ పక్కన పట్టా ఉండదు. తుమ్ముతూ తిట్టేవాళ్లు, తిడుతూ టీ గ్లాసు అందించేవాళ్లు ఉండరు. కాలు పోతే జోహరాబీ కూడా పోయినట్టే. ముప్ఫై ఒక్క సీజన్లు ఒక్క ఆటోలో సర్దుకుని వెళ్లిపోవాలి.

"మరి నీ కుడి మడమో?" అంది జోహరాబీ.

"కుడిది కొలవలా. ఎడమదే."

"దానిమీదేగా రోజంతా కూర్చునేది. నలిగుంటదిలే. పోయేముందు కాసేపు దాన్ని చాపుకుని కూర్చో."

ఎలీసమ్మ ఆ మాట సరిగ్గా వినలేదు. ఆమె చూపు గోడౌను తలుపు దగ్గరుంది. అక్కడ ఒకతను బిందెతో నీళ్లు తెచ్చి, నేలమీద పోసి ఉన్న కాయల మీద చల్లుతున్నాడు. మరీ ఎండిన కాయ తొడిమ తీసేటప్పుడు పొడిపొడి అయిపోతుందని కొంచెం చల్లడం మామూలే. కొందరు తూకం పెరగాలని మరికొంచెం చల్లడం కూడా మామూలే. ముడుచుకుపోయిన కాయ గంటలో నీళ్లు పీల్చి, ఉబ్బి, నిగనిగలాడుతుంది.

ఆమె చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

*

మూడో గురువారం పొద్దున్నే ఎలీసమ్మ గిన్నెడు నీళ్లు కాచింది. చన్నీళ్లు పైపైనే ఉంటాయి, వేడినీళ్లయితే లోపలికి దిగుతాయని ఆమె ఆలోచన. గుప్పెడు కల్లుప్పు వేసింది. బేసిన్లో పోసి చెయ్యి పెట్టి చూసింది. ముప్ఫై ఏళ్లు మిరపకాయల మంటలో మగ్గిన చేయి అది. దానికి గోరువెచ్చన, సలసలమనేది అని తేడా ఎప్పుడో పోయింది. సరిపోయిందిలే అనుకుని ఎడమ పాదం అందులో పెట్టింది. పాదం ఏమీ అనలేదు. మూడేళ్లుగా ఆ పాదం ఏదీ అనడం మానేసింది.

కీర్తనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని గంటన్నర కూర్చుంది. నీళ్లు చల్లారినప్పుడల్లా కాగేవి మరికాసిని కలిపింది. పాదం బయటికి తీసేసరికి మడమ పగుళ్లన్నీ మూసుకుపోయి, తెల్లగా, లావుగా, పసిపిల్ల మడమలా కనపడింది. 'తండ్రీ, ఒక్క పాయింటన్నా పెంచు,' అనుకుంది. మోసం చేస్తున్నానని అప్పటికి తోచలేదు.

జోహరాబీ ఆ రోజు కూలి మానుకుని వెంట వచ్చింది. ఎందుకొచ్చావంటే, "ఆస్పత్రిలో ఫ్యాన్ గాలి ఉంటదిగా, తాగిపోదామని," అంది.

స్కానింగ్ గదిలో వేదశ్రీ ఎలీసమ్మని ఎప్పటిలాగే బోర్లా పడుకోబెట్టింది. పాదాలు మంచం చివర నుంచి కిందికి వేలాడుతుంటాయి. మడమ పైకి ఉంటుంది, పాదం పై భాగం నేలవైపుకి ఉంటుంది. జెల్లీ రాసింది. రాసినట్టు ఎలీసమ్మకి తెలియలేదు, సీసా చప్పుడు మాత్రం వినపడింది. పరికరం ఆనించింది.

"పదిహేడు పాయింటు తొమ్మిది," అంది వేదశ్రీ.

ఎలీసమ్మ దిండులో మొహం పెట్టి నవ్వుకుంది. పెరిగింది.

కానీ డాక్టరమ్మ గొంతులో సంతోషం లేదు. పరికరం తీసి, మళ్లీ ఆనించింది. మళ్లీ తీసింది. "పదిహేడు ఎనిమిది... పద్దెనిమిది. అనిల్, ఇదేంటి? మొదటి వారం నేనే కొలిచాను కదా, పదహారు ఎనిమిదేగా? మీకూ నాకూ తేడా వచ్చిందంటే అర్థముంది. నా కొలత నాతోనే కలవట్లేదేంటి?"

"రాసేయనా మేడమ్?"

"రాయకేం చేస్తాం. వచ్చింది వచ్చినట్టే రాయాలి. కానీ ఇలాంటివి రెండు మూడు పడితే మొత్తం పోయినట్టే. ఇంక ఈ మెషిన్‌తో మడమ కొలవడం నమ్మదగిన పని కాదని తేల్చేయాల్సొస్తుంది."

ఎలీసమ్మ తల తిప్పింది. "ఎవరికి తేలుస్తారమ్మా?"

"అందరికీనమ్మా. మీ నలభైమంది కొలతలూ ఒకచోట చేర్చి లెక్కగడతాం. ఒకే మడమని ఇద్దరు కొలిచినా, ఒకరే రెండు వారాలు కొలిచినా ఒకటే వస్తుందా లేదా అన్నదే మేం చూస్తున్నది. వస్తే ఇంకోచోట ఇంకో డాక్టరు దీన్ని నమ్మి, పుండు పడకముందే జాగ్రత్త చెప్పొచ్చు. మీరు కంగారు పడకండి, ఇది మా తలనొప్పి."

అనిల్ కుమార్ పెన్ను మూత తీశాడు.

చేతిలో పడ్డ కాయ తడిదో పొడిదో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి ఎలీసమ్మ. తడికాయ ఒక్కటి టిక్కీలో పడితే ఏమవుతుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైకి నిగనిగలాడుతూనే లోపల బూజు పడుతుంది. ఆ బూజు పక్క కాయకి, దాని పక్క కాయకి ఎక్కుతుంది. నెల తర్వాత టిక్కీ విప్పితే దుమ్ము లేస్తుంది. ముప్ఫై ఒక్క సీజన్లలో ఆమె పట్టా మీంచి తడికాయ పోయిందని ఏ షావుకారూ అనలేదు. ఇప్పుడు ముప్ఫై తొమ్మిది పొడి అంకెల మధ్యలోకి తన తడి అంకె పోతోంది. చెప్తే తిడతారు. కాగితం చించేస్తారు. బిళ్లలు కూడా ఇవ్వరేమో. చెప్పకపోతే ఇంకోచోట ఇంకో ప్రేమదాసు మడమని ఎవరూ కొలవరు.

"రాయమాక బాబూ," అంది. "అది తడి కొలత."

"ఏంటి పెద్దమ్మా?"

"నీళ్లల్లో నానబెట్టుకొచ్చా. లావు రావాలని."

తలుపు దగ్గర నిలబడ్డ జోహరాబీ, "యా అల్లా, మడాన్ని కూడా తూకానికి తడిపిందే ఈవిడ!" అంది.

వేదశ్రీ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎందుకమ్మా అలా చేశారు?"

"తగ్గిపోతందిగా. పదహారు ఎనిమిది నుంచి పదిహేను ఒకటికి దిగింది. నేను చూశా."

"అయ్యో, అది తగ్గలేదమ్మా! ఇటు చూడండి, మీ కుడిమడమ." ఆమె కుడికాలికి జెల్లీ రాసి పరికరాన్ని వేళ్లతో ఊరికే ఆనించింది. తెరమీద అంకె పదహారు ఆరు చూపించింది. అదే చేత్తో కొంచెం నొక్కింది. పదిహేను రెండు. వదిలింది. పదహారు ఐదు. "ఇప్పుడు మీ మడమ క్షణంలో కరిగి, క్షణంలో మళ్లీ పెరిగిందా? అనిల్ చెయ్యి కొంచెం బరువు. నాది తేలిక. తేడా మా చేతుల్లో ఉంది, మీ కాల్లో లేదు. ఆ తేడా ఎంతో తెలుసుకోవడానికే మిమ్మల్ని పిలిచింది. మీ చేత చదివించిన కాగితంలో ఇదే ఉంది."

ఎలీసమ్మ అనిల్ కుమార్ వంక చూసింది. పత్తి బేరానికొచ్చినవాడు దూదిని బొటనవేలితో నొక్కి, ఇది పలచన అంటాడే, అలా నొక్కాడన్నమాట. వారం రోజులు తను చచ్చిబతికింది ఈ అబ్బాయి బొటనవేలి వల్ల. ఏడుపు, నవ్వు, కోపం ఒక్కసారే వచ్చాయి.

"ఎందుకు బాబూ అంత నొక్కుడు?"

"సారీ పెద్దమ్మా," అన్నాడతను, చెవులు ఎర్రబడి.

"పర్లేదులే. మళ్లీ పొడి మడంతో వస్తా. ఈసారి నీళ్లు కాచే పని లేదు."

వేదశ్రీ జెల్లీ తుడుస్తున్న చేయి ఆగింది. "కాచారా? వేడినీళ్లా?"

"ఆ. ఉప్పేసి."

"ఎంత వేడి? చేత్తో చూశారా?"

"చూశా. నా చేతికి అన్నీ ఒకటేనమ్మా."

డాక్టరమ్మ ఆమెని వెల్లకిలా తిప్పించింది. అప్పటిదాకా నేలవైపు తిరిగి ఉన్న పాదం పై భాగం దీపం కిందికి వచ్చింది. అదంతా ఎర్రగా కమిలి ఉంది. బొటనవేలి పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ, నిండా నీరు పట్టుకుని, చిట్లకుండా నిలబడి ఉంది. దాని పక్కన ఇంకోటి చిన్నది.

ఎలీసమ్మ దాన్ని చూసింది. అది తన కాలు అనిపించలేదు. ప్రేమదాసు కాలు అనిపించింది.

"నొప్పి లేదు," అంది. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

*

సర్జరీ ఓపీ పై అంతస్తులో ఉంది. చక్రాల కుర్చీలో వరండా వెంట తోసుకుపోతుంటే ఆమె గోడలు గుర్తుపట్టింది. రంగు మార్చారు కానీ తలుపులు అవే. పైన అద్దం, కింద రేకు, చక్రాల మంచం తగిలి తగిలి రేకు సొట్టలు పోయి ఉంది. పక్కన నడుస్తున్న వేదశ్రీ ఏదో చెప్తోంది. చిట్లలేదు కాబట్టి అదృష్టమట. ఈ రోజే చూశాం కాబట్టి కడిగి కట్టు కడతారట. ఇంకో నాలుగు రోజులు ఎవరూ చూడకపోతే వేరే సంగతట. ఎలీసమ్మకి 'వేరే సంగతి' ఒక్కటే వినపడింది.

తలుపు దగ్గర ఆయా చెయ్యి అడ్డం పెట్టింది. "పేషెంటు ఒక్కరే. ఆ చెప్పులు ఆవిడకిచ్చి లోపలికి రామ్మా."

జోహరాబీ చెప్పుల కోసం వంగింది.

"ముట్టుకోమాక!" అని అరిచింది ఎలీసమ్మ. వరండాలో జనమంతా చూశారు. "నా చెప్పులు నీ చేతికి రాకూడదే. వొద్దు."

జోహరాబీకి అర్థమైంది. తొమ్మిదేళ్ల కిందట ఆ సంచీ విప్పినప్పుడు పక్కనున్నది ఆమే. చెప్పులు రెండూ తీసి, తన కొంగుతో దుమ్ము తుడిచి, ఎలీసమ్మ ఒళ్లో పెట్టింది. "ఇదిగో, నీ చెప్పులు, నువ్వే మోసుకో. నేనేమన్నా నీకు జీతగత్తెనా? నాకు నడుం నొప్పి," అంది. ఆయా ఏదో అనబోతే, "ఉండనీయమ్మా, ఆవిడ ఒళ్లోనేగా ఉన్నాయి," అంది వేదశ్రీ.

తలుపులు మూసుకుంటుంటే ఎలీసమ్మ వెనక్కి తిరిగి చూసింది. జోహరాబీ కాళ్లు చూడబోయి, పట్టుపట్టి మొహమే చూసింది. ఆ మొహం చిరాగ్గా, చెమటగా, ఎప్పటిలాగే ఉంది. ఇప్పుడే వస్తా అని మాత్రం అనలేదు. ఆ మాట అనకూడదని పెదాలు బిగబట్టుకుంది.

లోపల పెద్ద డాక్టరు పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కడిగారు, మందు రాశారు, కట్టు కట్టారు. ఆమె చెప్పులు గట్టిగా పట్టుకుని పైకప్పు వంక చూస్తూ కూర్చుంది. "రోజూ రావాలి. పది రోజులు నేలమీద అడుగు పెట్టకూడదు. కాలు మడిచి కూర్చోకూడదు. తగ్గుతుందనే అనుకుంటున్నాం, కానీ షుగర్ కాలు కదా, చూస్తూ ఉండాలి," అన్నాడాయన. ఈయన హుషారుగా చెప్పలేదు. విసుగ్గా, జాగ్రత్తగా చెప్పాడు. అందుకని ఎలీసమ్మ నమ్మింది.

"డాక్టరమ్మా," అంది బయటికి తోస్తుంటే. "నా అంకె తీసేశారా?"

"కొట్టేశాను. పక్కన కారణం రాశాను. కాలు తగ్గాక మీరు ఒప్పుకుంటే మళ్లీ కొలుస్తాం. మా ఇద్దరి చేతులూ ఒకే బరువుతో ఆనేలా ముందు మేం నేర్చుకోవాలి."

"కారణం ఏమని రాశారు?"

"తడి అని."

ఎలీసమ్మ తలూపింది. సరైన మాటే రాసింది పిల్ల.

తలుపు తెరుచుకుంది. వరండాలో జోహరాబీ గోడకి ఆనుకుని నేలమీదే కూర్చుని ఉంది. తొడిమలు తీసేటప్పుడు కూర్చున్నట్టే ఎడమకాలు మడిచి కూర్చుంది. ఎలీసమ్మని చూసి లేవలేదు. ముందు ఒళ్లోకి చూసింది, తర్వాత కిందికి చూసింది. కుర్చీ మెట్టు మీద పాదాలు, ఒకటి కట్టుతో తెల్లగా, ఒకటి నల్లగా, పగుళ్లతో.

"రెండూ ఉన్నాయా?" అంది.

"ఉన్నాయే. ఇయ్యాళ్టికి ఉన్నాయి."

"పది రోజులు కాలు మడిచి కూర్చోకూడదంటగా, ఆయా చెప్పింది. మా ఇంట్లో ఎత్తుపీట ఉంది. రేపు ఇక్కడ కట్టు మార్పించుకున్నాక ఆటోలో గోడౌనుకి తీసకపోతా, మహారాణీలా దానిమీద కూర్చుని తియ్యి. కాయ నీ దగ్గరికి నేనందిస్తాలే."

"స్తుతికి చెప్పమాకే."

"నేనెందుకు చెప్తా? నువ్వే చెప్పుకో. ఫోను నువ్వు చేస్తావు, నేను పక్కనుండి దగ్గుతా."

ఎలీసమ్మ ఒక చెప్పు తీసి కుడిపాదానికి తొడుక్కుంది. రెండోది ఒళ్లోనే పెట్టుకుంది. కట్టు మీద ఎక్కడైనా తడి ఊరుతోందేమోనని వంగి చూసింది. పొడిగానే ఉంది. లిఫ్టు దాకా వెళ్లేలోపు మళ్లీ వంగి చూసింది.